ఇరుకే బలమైన చిత్రం: ‘ది న్యారో మార్జిన్’ (1952)

తక్కువ ఖర్చుతో తీసిన చిత్రాన్ని సమీక్షించేటప్పుడు కొంత చూసీచూడనట్లు పోవడం మనకు అలవాటు. రిచర్డ్ ఫ్లైషర్ దర్శకత్వం వహించిన ‘ది న్యారో మార్జిన్’కు ఆ సడలింపు అవసరం లేదు. ప్రధాన చిత్రానికి జోడీగా ఆడించే ‘బి’ శ్రేణి కోసం, పేరున్న తారలు లేకుండా, రెండు వారాల లోపు చిత్రీకరణతో హాలీవుడ్ స్టూడియో ఆర్‌కేఓ తీసిన ఈ 71 నిమిషాల నలుపు తెలుపు చిత్రం 1950లోనే పూర్తయినా, సంస్థ అధిపతి హోవార్డ్ హ్యూస్ దగ్గర చిక్కుకుని 1952లో గానీ బయటికి రాలేదు. ఆ తర్వాత దీని కథకు ఆస్కార్ నామినేషన్ కూడా దక్కింది.

చనిపోయిన ఒక ముఠా నాయకుడి భార్య లాస్ ఏంజెలెస్‌లో గ్రాండ్ జ్యూరీ (నేరారోపణ మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ముందు సాక్ష్యం చెప్పాలి. ఆమెను షికాగో నుంచి రైల్లో తీసుకురావడానికి ఇద్దరు డిటెక్టివులు వెళతారు. ఇంటి మెట్లు దిగుతుండగా ఆమె మెడలోని పూసల దండ తెగిపోతుంది. జారిన పూసలు మెట్టు మెట్టుకూ ఎగిరి పడుతూ, కింద చీకట్లో పొంచి ఉన్న మనిషి కాళ్ల దగ్గర ఆగుతాయి. మరు నిమిషంలో ఇద్దరిలో ఒకరు హతమవుతారు. మిగిలిన వాల్టర్ బ్రౌన్ (చార్లెస్ మెక్‌గ్రా) ఒంటరిగా ఆ నోటి దురుసు మనిషిని (మేరీ విండ్సర్) కాపాడుకుంటూ రైలెక్కుతాడు. హంతకులూ అదే రైల్లో ఉన్నారు, కాకపోతే సాక్షి ముఖం వాళ్లకు తెలియదు. ఉత్కంఠ అంతా ఈ ఒక్క చిక్కుముడి మీదే నడుస్తుంది.

ఖర్చు తగ్గించడానికి రైలుపెట్టె సెట్‌ను నేలకు బిగించేసి, ఊగాల్సిన పని కెమెరాకు అప్పగించారు. పెట్టె లోపలి కొట్లాటను చేత్తో పట్టుకున్న కెమెరాతో తీయడం వల్ల మోచేయి ఎత్తడానికి కూడా చోటు లేని ఆ ఇరుకు మనకూ ఊపిరాడనివ్వదు. చెన్నై సెంట్రల్ నుంచి విజయవాడ వైపు వెళ్లే రాత్రి రైళ్లలో, ఫస్ట్ ఏసీ నడవాలో పెట్టె పట్టుకుని ఎదురొచ్చిన మనిషికి పక్కకు ఒరిగి దారి ఇచ్చిన వారెవరికైనా, ఈ చిత్రంలో బ్రౌన్ దారికి పదేపదే అడ్డం పడే స్థూలకాయుడిని చూస్తే నవ్వు, చికాకు, అనుమానం ఒకేసారి కలుగుతాయి.

నేపథ్య సంగీతం లేకపోవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెన్నైలోని సాలిగ్రామంలో కొందరు తెలుగు మిత్రులతో కలిసి ఈ చిత్రం చూసినప్పుడు, కోడంబాక్కం రికార్డింగ్ థియేటర్లలో చాలాకాలం పనిచేసిన పెద్దాయన ఒకరు, “పాటల పెట్టె మోగితే తప్ప వాయిద్యం వినపడలేదండీ, గమనించారా?” అన్నారు. నిజమే, చక్రాల చప్పుడు, ఇంజను కూత, తలుపు గడియ, ఇవే ఇక్కడ వాయిద్యాలు. విండ్సర్ విసుగ్గా గోళ్లు అరగదీసుకుంటుండగా ఆ ఆకురాయి కదలిక రైలు చక్రాల పరుగులో కలిసిపోయే చోటు, కూర్పరి (ఎడిటర్) పనితనం తెలిసినవారు మళ్లీ వెనక్కి తిప్పి చూసే చోటు.

మన దగ్గర సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది 2018 డిసెంబరులో. ముప్పు తీవ్రతను పోలీసులు అంచనా వేయడం, సాక్షి గుర్తింపును గోప్యంగా ఉంచడం, విచారణ రోజున కాపలాతో ప్రభుత్వ వాహనంలో కోర్టుకు తీసుకెళ్లడం వంటివి అందులో ఉన్నాయి. ఆ కాగితం మీది మాటలు ఒక పోలీసు భుజాల మీద ఎంత బరువుగా పడతాయో, లంచం ఇవ్వజూపే మనిషి ఎంత మర్యాదగా మాట్లాడతాడో ఈ పాత చిత్రం చూపిస్తుంది.

లోపం చివర్లో ఉంది. కథను తలకిందులు చేసే మలుపును ఇక్కడ చెప్పడం న్యాయం కాదు గానీ, ఆ మలుపు వెనుక పోలీసు శాఖ ఆడిన ఆట ఒక ప్రాణాన్ని బలి తీసుకుంటుంది. అప్పటిదాకా ఆ మనిషిని ఈసడించిన బ్రౌన్‌కు గానీ, చిత్రానికి గానీ ఆమె కోసం ఒక్క నిమిషం ఆగే తీరిక ఉండదు. అంత జాగ్రత్తగా అల్లిన కథలో ఇది పొదుపు అనిపించుకోదు, నిర్లక్ష్యమే. విండ్సర్ నటన అంత బలంగా ఉండబట్టే ఆ లోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దీన్నే 1990లో జీన్ హ్యాక్‌మన్‌తో, కొండల మధ్య, ఎక్కువ ఖర్చుతో మళ్లీ తీశారు. రెండూ చూడదలచిన వారు పాతదాన్నే ముందు చూడటం, అదీ శబ్దం స్పష్టంగా వినిపించే స్పీకర్లతో చూడటం మంచిది.