‘లైఫ్‌టైమ్ యాంటీవైరస్, డేటా బ్యాకప్’ ప్యాకేజీ: కంప్యూటర్ కొనేవారికి హెచ్చరిక

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ దుకాణాల్లో గానీ, నగరంలో మరోచోట గానీ ఇంటికి కంప్యూటర్ కొనబోతున్నవారు ఒకసారి ఇది చదవండి. కొటేషన్ చివర ‘సాఫ్ట్‌వేర్ లోడింగ్, లైఫ్‌టైమ్ యాంటీవైరస్, డేటా బ్యాకప్’ అని ఒకే వరుసలో రాసి, దాని ఎదురుగా ఒకే మొత్తం వేసి ఉంటే, డబ్బు కట్టే ముందే ఆ మూడింటిలో ఒక్కొక్కటీ ఏమిటో దుకాణదారు చేత చెప్పించుకోండి. మల్కాజిగిరిలో ఉంటున్న మా బావగారు ఆ వరుసకు మూడున్నర వేలు చెల్లించారు. ఆ డబ్బుకు ఆయనకు దక్కింది రక్షణా కాదు, బ్యాకప్పూ కాదు. పైగా విండోస్‌తో పాటు ఉచితంగా వచ్చిన రక్షణను కూడా ఆ ప్యాకేజీయే పనిచేయకుండా చేసింది. ఫిర్యాదు నడుస్తోంది కనుక దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు.

బావగారు విశ్రాంత ఉద్యోగి. పెన్షన్ కాగితాలు, ఫ్లాటు దస్తావేజుల స్కాన్లు, పిల్లల పెళ్లి వీడియోలు, మనవడి ఫొటోలు అన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. కొన్న కొద్ది నెలలకు ఆఫీస్ ప్రోగ్రాం యాక్టివేషన్ అడగడం మొదలుపెట్టింది. దుకాణానికి ఫోన్ చేస్తే అక్కడి కుర్రాడు వాట్సాప్‌లో ఒక ఫైలు పంపి, దాన్ని రన్ చేస్తే సరిపోతుందని చెప్పాడు. చేసిన కాసేపటికి ప్రతి ఫైలు పేరు చివరా నాలుగు అక్షరాల కొత్త తోక చేరింది, ప్రతి ఫోల్డర్‌లోనూ ‘రీడ్‌మీ’ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ప్రత్యక్షమైంది. ఫైళ్లు తిరిగి కావాలంటే 980 డాలర్లు, 72 గంటల్లోపు చెల్లిస్తే 490 డాలర్లు పంపాలన్నది అందులోని సారాంశం. ఇది ‘స్టాప్’ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) కుటుంబం వాడే బెదిరింపు లేఖ. గృహ వినియోగదారులనే ఎక్కువగా పట్టే ఈ రాన్సమ్‌వేర్ ప్రధానంగా క్రాక్ చేసిన, అంటే లైసెన్స్ కొనకుండానే నడిచేలా మార్చిన సాఫ్ట్‌వేర్ ద్వారా, అలా నడిపించే యాక్టివేటర్ల ద్వారా వ్యాపిస్తుంది.

యాంటీవైరస్ ఉండగా ఇది ఎలా జరిగిందన్నది అందరికీ వచ్చే సందేహమే. గడియారం పక్కన యాంటీవైరస్ గుర్తు ఉన్న మాట నిజమే కానీ, తెరిచి చూస్తే దాని చివరి అప్‌డేట్ తేదీ కంప్యూటర్ కొన్న నెల దగ్గరే ఆగిపోయి ఉంది. అది క్రాక్ చేసిన లైసెన్స్. వేరే యాంటీవైరస్ ఎక్కించినప్పుడు విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది కాబట్టి, ఆ బొమ్మ యాంటీవైరస్ అసలు కాపలాదారును ఇంటికి పంపేసినట్టయింది. దాన్ని తీసేసి డిఫెండర్‌ను మేల్కొలిపాక మరో సంగతి బయటపడింది. విండోస్ సెక్యూరిటీలో ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’ సెట్టింగుల అడుగున ‘ఎక్స్‌క్లూజన్స్’ అనే జాబితా ఉంటుంది; ఇక్కడ రాసినవాటిని డిఫెండర్ తనిఖీ చేయదు. అందులో సీ డ్రైవ్ మొత్తం రాసి ఉంది. దొంగ ఆఫీస్‌ను నడిపించే యాక్టివేటర్‌ను డిఫెండర్ పట్టుకుని తొలగించకుండా చేసే ఏర్పాటు అది. దుకాణంలో సాఫ్ట్‌వేర్ ఎక్కించిన కంప్యూటర్ మీ ఇంట్లో ఉంటే ఈ ఒక్క జాబితాను ఈరోజే తెరిచి చూడండి. సాధారణ గృహ వినియోగదారుకు అది ఖాళీగా ఉండాలి.

ఇక ‘డేటా బ్యాకప్’ సంగతి. ఉన్న ఒకే హార్డ్ డిస్క్‌ను రెండు భాగాలు చేసి, రెండోదానికి (డీ డ్రైవ్) ‘బ్యాకప్’ అని పేరు పెట్టి, సీ డ్రైవ్‌లోని ఫోల్డర్లను అందులోకి కాపీ చేశారు. బీరువాలో పై అర నుంచి కింది అరకు నగలు మార్చి, లాకర్‌లో పెట్టామని చెప్పినట్టుంది ఈ వ్యవహారం. డిస్క్ చెడిపోతే రెండూ పోతాయి, కంప్యూటర్ దొంగతనానికి గురైతే రెండూ పోతాయి, రాన్సమ్‌వేర్‌కైతే సీ, డీ అన్న తేడాయే లేదు. రెండు డ్రైవుల్లోనూ ఒక్క ఫొటో కూడా తెరుచుకోలేదు.

బావగారు డబ్బు పంపలేదు, అది సరైన నిర్ణయం. డచ్ పోలీసులు, యూరోపోల్, కొన్ని భద్రతా సంస్థలు కలిసి 2016లో ప్రారంభించిన ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైట్‌లో ఉచిత డీక్రిప్టర్లు, అంటే తాళం పడిన ఫైళ్లను తెరిచే ప్రోగ్రాంలు దొరుకుతాయి. అయితే ఈ రకం రాన్సమ్‌వేర్ దాడి సమయంలో తన సర్వర్‌ను అందుకోగలిగితే ప్రతి కంప్యూటర్‌కూ వేరే తాళంచెవి తయారవుతుంది, అప్పుడు ఆ డీక్రిప్టర్లు పనిచేయవు. బావగారి విషయంలో అదే జరిగింది. ఇది ప్రతి ఫైలులోనూ మొదటి 150 కిలోబైట్ల వరకే చెడగొడుతుంది కనుక పెద్ద పెద్ద పెళ్లి వీడియోలను చాలావరకు బాగు చేయగలిగాం, ఫొటోలూ స్కాన్లూ మాత్రం దక్కలేదు. చాలామంది పట్టించుకోని విషయం మరొకటి ఉంది: ఇదే రాన్సమ్‌వేర్ తరచుగా పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాంను కూడా వెంట తెస్తుంది. అందువల్ల ముందుగా ఇంటర్నెట్ తీసేసి, నెట్ బ్యాంకింగ్, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చుకోవాలి. ఖాతాలో డబ్బు కదిలితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కొనేటప్పుడు ఏం చేయాలన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంట్లో సాధారణ వాడకానికి విండోస్ 10, 11లతో వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ చాలు. దానికి లైసెన్స్ ఉండదు, గడువూ ఉండదు. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ ప్రయోగశాలలు డబ్బుకు అమ్మే ఉత్పత్తులతో కలిపి దాన్ని కూడా పరీక్షించి ఫలితాలు ప్రకటిస్తుంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు. పిల్లల వాడకంపై నియంత్రణ వంటి అదనపు సౌకర్యాలు కావాలనుకుంటే డబ్బు పెట్టి కొనడంలో తప్పు లేదు. అప్పుడు మాత్రం తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో మీ ఈమెయిల్‌తోనే కొనండి. మొదటి ఏడాది ధర ఊరించేలా ఉండి, రెన్యువల్ ధర దానికి ఎంతో ఎక్కువ కావడం ఈ వ్యాపారంలో మామూలే కాబట్టి, ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందో లేదో అప్పుడే చూసుకోండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఇలాంటి ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. దాన్ని ప్రకటన అనుకుని తీసివేయకండి.

మిగిలిన డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. పెన్‌డ్రైవ్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. వారానికో, పక్షానికో ఒకసారి తగిలించి, కాపీ పూర్తికాగానే కేబుల్ తీసి వేరేచోట పెట్టాలి, ఎందుకంటే తగిలించి ఉంచిన డిస్క్ కూడా రాన్సమ్‌వేర్‌కు డీ డ్రైవ్‌తో సమానమే. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతిలో మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట ఉండాలి. ఆ ఇంటి బయటి ప్రతికి గూగుల్ ఇచ్చే 15 జీబీ, వన్‌డ్రైవ్ ఇచ్చే 5 జీబీ ఉచిత స్థలం ముఖ్యమైన కాగితాల వరకు సరిపోతుంది. కేవలం క్లౌడ్ (ఇంటర్నెట్‌లోని ఇలాంటి స్థలం) మీదే ఆధారపడితే మాత్రం, కంప్యూటర్‌లో పాడైన ఫైలే సింక్ అయి పైకి వెళ్తుంది; పాత వెర్షన్లు కొంతకాలమే ఉంటాయి. అప్పుడప్పుడు ఆ హార్డ్ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. ఈ పని చేసేవారు నాకు తెలిసినంతలో చాలా తక్కువ.

రీఫర్బిష్డ్ (వాడినవాటిని బాగుచేసి మళ్లీ అమ్మే) యంత్రాలు కొనేవారికి మరో మాట. విండోస్ 10కు సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత ప్రాసెసర్ యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా రాదు, అందుకే వాటిని చవకగా వదిలించుకుంటున్నారు. విండోస్ 11 యంత్రమైతే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్ మొత్తానికి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉండే అవకాశం ఉంది. దాన్ని తెరిచే రికవరీ కీ సెటప్‌లో ఇచ్చిన మైక్రోసాఫ్ట్ ఖాతాకు చేరుతుంది. కాబట్టి ఆ ఖాతా దుకాణం కుర్రాడిది కాకుండా మీదే అయి ఉండాలి.

బిల్లులో విండోస్, ఆఫీస్, యాంటీవైరస్ ఒక్కొక్కటి పేరు, లైసెన్స్ గడువు, ధరతో విడివిడిగా రాయించుకోండి. బావగారి ఫిర్యాదులో ఇప్పుడు చిక్కంతా అక్కడే ఉంది: ‘సాఫ్ట్‌వేర్ లోడింగ్’ అన్న మాటకు దుకాణదారు తనకు తోచిన అర్థం చెబుతున్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు, కొన్నవారికి రెండేళ్ల గడువు ఉంటుంది. వాట్సాప్ సంభాషణను, ఆ ఎక్స్‌క్లూజన్స్ జాబితా స్క్రీన్‌షాట్‌ను ఫార్మాట్ చేయడానికి ముందే భద్రపరిచాం కనుక చూపించడానికి మా చేతిలో ఆధారం ఉంది.