‘తాతల నాటి అమెరికా గోలీల డబ్బా’ కొనేముందు ఇది చదవండి (విజయవాడ, గుంటూరు వాళ్లకి)

పాత గాజు గోలీలు సేకరించేవాళ్లందరికీ జాగ్రత్త. విజయవాడ వన్‌టౌన్ నుంచి అంటూ ఒకాయన వాట్సాప్‌లో ఫోటోలు పంపి ‘అక్రో అగేట్ డబ్బా, వందేళ్ల నాటిది’ అని అమ్ముతున్నాడు. అక్రో అగేట్ అంటే అమెరికాలో గాజు గోలీలు చేసిన పాత కంపెనీ. గుంటూరులో నాకు తెలిసిన ఇంకొందరికి కూడా అవే ఫోటోలు వెళ్లాయి. ఆయన పేరు, నంబరు ఇక్కడ పెట్టడం లేదు, అవి ఫిర్యాదులో ఇచ్చాను.

డబ్బాకి పద్నాలుగు వేలు అడిగాడు. ఫోటోల్లో కనిపించినవి మంచి సరుకే. యూపీఐలో డబ్బు పడ్డాక కొరియర్‌లో బ్రాడీపేటకి వచ్చిన గోలీలు మాత్రం వేరు. అట్టపెట్టె ఒక్కటే ఫోటోలోది.

ఆ పెట్టె సంగతే ముందు చెప్పాలి, ఎందుకంటే చూడగానే నమ్మకం కలిగేది దాన్ని చూసే. అంచులు నలిగి, టీ నీళ్ల రంగు తేలి, పాతదిలాగే ఉంది. మూత మీద కంపెనీ పేరు, కింద ‘క్లార్క్స్‌బర్గ్, వెస్ట్ వర్జీనియా’. ఊరు సరైనదే. అక్రో అగేట్ ఓహాయోలోని ఏక్రన్‌లో మొదలై 1914లో క్లార్క్స్‌బర్గ్‌కి మారింది. కానీ ఊరి పేరు పక్కన ఐదంకెల జిప్ కోడ్ (అక్కడి పిన్‌కోడ్) కూడా అచ్చేశారు. అమెరికాలో జిప్ కోడ్‌లు వచ్చింది 1963లో. అక్రో అగేట్ మూతపడింది 1951లో. మూతపడ్డ కంపెనీ పన్నెండేళ్ల తర్వాత పుట్టిన పిన్‌కోడ్‌ని ముందే అచ్చేయించుకుందన్నమాట! పెట్టె మీద అక్షరాలు చదవకుండా లోపలికి వెళ్లకండి.

ఇక గోలీలు. ‘జర్మనీ చేతిపని’ అని చీటీ కట్టి పంపినవి శుభ్రంగా మన గోలీ సోడా సీసాల్లోవి. ఆకుపచ్చ ఛాయ, లోపల ఒక్క గీత లేదు. జర్మనీలోని లౌషా వైపు చేత్తో చేసిన పాత గోలీని గాజు కడ్డీ నుంచి కత్తిరించి తీస్తారు, కాబట్టి కనీసం ఒక చివరన గరుకు మచ్చ మిగులుతుంది. దాన్ని పాంటిల్ అంటారు. యంత్రంలో కరిగిన గాజు ముద్ద గాడులున్న రోలర్ల మధ్య దొర్లుతూ గుండ్రమవుతుంది, దానికి ఆ గరుకు మచ్చ ఉండదు. ఏక్రన్‌లోనే మార్టిన్ క్రిస్టెన్సెన్ అనే ఆయన యంత్రానికి 1905లో పేటెంటు వచ్చింది. అంటే మచ్చ లేని గోలీని చేతిపని అన్నారంటే తెలియకైనా అనాలి, తెలిసైనా అనాలి.

‘1920 నాటివి’ అంటూ ఇచ్చిన పిల్లికళ్లు ఇంకో వింత. లోపల రంగు రేకులుండే ఆ గోలీలు జపాన్ నుంచి అమెరికా బజార్లోకి దిగిందే 1950ల మొదట్లో. అవి చవగ్గా రావడం వల్లే అక్కడి కంపెనీలు చాలా దెబ్బతిన్నాయి.

కామిక్ గోలీ చూసి మాత్రం నవ్వాగలేదు. ఇలినాయిలో పెల్టియర్ కంపెనీ బొమ్మల గోలీలు చేసింది, నిజమే. బెట్టీ బూప్, ఆండీ గంప్, కోకో లాంటి పన్నెండు కార్టూన్ పాత్రలు. రెండు రంగుల గోలీ మీద నల్లటి బొమ్మ వేసి వేడితో అంటించేవాళ్లు. నాకొచ్చిన దాని మీద మిక్కీ మౌస్! ఆ పన్నెండింటిలో మిక్కీ లేనే లేదు. గోలీ ఒకే రంగు, బొమ్మ అంచు గోటికి తగులుతోంది, అంటే పైన అంటించిన స్టిక్కరు.

పెట్టెలో నిజంగా పాతవి కొన్ని ఉన్నాయి, అసలు చిక్కు వాటితోనే. అక్రో వాళ్ల కార్క్‌స్క్రూ గోలీలో రంగుల పట్టీలు ఒక కొస నుంచి ఎదుటి కొసకి మర చుట్లలా తిరుగుతాయి, ఒకదాన్నొకటి దాటవు. ఆ రెండు కొసల్లో గాజు తెగిన చిన్న గుర్తు ఉండాలి. వీటిలో పట్టీలు ఉన్నాయి, గుర్తులు లేవు. కొత్త స్టీలు గిన్నెలా మెరుస్తున్నాయి. కంసాలి భూతద్దంతో చూస్తే నున్నటి పైభాగం కింద, గాజు లోపల, నెలవంకల్లాంటి దెబ్బలు కనిపించాయి. ఆడుకున్నప్పుడు ఒకదానికొకటి తగిలిన దెబ్బలవి. పైన గీతలు లేకుండా లోపల దెబ్బలుంటే సానపట్టి పైపొర తీసేశారని అర్థం. సానపట్టిన గోలీ దొంగ సరుకు కాదు, నేనూ ఒకటి రెండు దాచుకున్నాను. కానీ సేకరణలో దాని విలువ బాగా పడిపోతుంది. ఆ మాట చెప్పి, ఆ ధరకే అమ్మాలి. ‘కొత్తదిలా ఉంది చూడండి సార్’ అని ఎక్కువ అడగడం మోసం.

అన్నట్టు, ఆయన పంపే వీడియోలో నల్లకాంతి (అతినీలలోహిత) టార్చి వేసి గోలీ పచ్చగా వెలుగుతోందని చూపిస్తాడు. యురేనియం కలిపిన గాజు అలా వెలుగుతుంది. మాంగనీసు ఉన్న గాజు కూడా కొంచెం పచ్చగా వెలుగుతుంది. పైగా యురేనియం గోలీలు ఇప్పుడూ చేస్తున్నారు. వెలుగుని చూసి వయసు కట్టకండి.

ఫోన్ చేస్తే ‘పాత వస్తువులకి రిటర్న్ ఉండదండీ’ అన్నాడు, తర్వాత బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. చాటింగు, యూపీఐ రసీదు, పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో నా దగ్గరున్నాయి. మీరూ ఆ వీడియో లేకుండా పార్సిల్ విప్పకండి.

ఎవరి దగ్గర కొన్నా ప్రతి గోలీకి రెండు కొసల ఫోటోలు అడగండి, ఆ రోజు పేపరు పక్కన పెట్టి తీసినవి. కుదిరితే వన్‌టౌన్‌లోనే కలుస్తానని చెప్పి భూతద్దం పట్టుకెళ్లండి. నేను అలా అడిగినప్పుడు ఈయన ‘ఊళ్లో లేను’ అన్నాడు.

ఇప్పుడు కొత్త నంబరు నుంచి అమ్ముతున్నాడని విన్నాను. ఫోటోలు మాత్రం మార్చలేదు: నీలం గళ్ల తువ్వాలు, దాని మీద మూత తీసిన పెట్టె, ఎడమ మూల చిరిగి ఉంటుంది. అలాంటివి మీకొస్తే మూత మీద చిరునామా దగ్గరగా తీసి పంపమనండి.