ట్రోలర్ల చేతికి చిక్కినవారికి ఇన్‌స్టాగ్రామ్ రక్షణ సదుపాయాలు ఎంతవరకు పనికొస్తాయి?

ఇన్‌స్టాగ్రామ్‌లో వేధింపులకు గురయ్యేవారి కోసం ఆ సంస్థ కొన్నేళ్లుగా ఒక్కొక్కటిగా చేరుస్తూ వచ్చిన సదుపాయాల్లో బ్లాక్, రిస్ట్రిక్ట్, హిడెన్ వర్డ్స్, లిమిట్స్ అనే నాలుగు ముఖ్యమైనవి. ఇవి ఎన్ని బూతులను ఆపుతాయన్నదే చాలామంది చూసే లెక్క. అయితే మనసు చితికిపోయి ఉన్న మనిషిని ఎంచుకుని ఆడించే ట్రోలరు బూతుతో మొదలుపెట్టడు. వాడు ఎక్కడ మొదలుపెడతాడో, ఏది దొరికితే ఆగకుండా కొనసాగుతాడో తెలిస్తే తప్ప ఈ నాలుగింటి విలువ కట్టలేం.

మా బంధువుల్లో ఒకామె విడాకుల తర్వాత పుట్టింటికి వచ్చి, పాత పాటలు పాడుతూ రీల్స్ పెట్టడం మొదలుపెట్టింది. ఆమె ఖాతాలో ఈ సదుపాయాలన్నీ అమర్చింది నేనే కాబట్టి, వ్యవహారం ఎలా నడిచిందో మొదటి నుంచీ చదివే అవకాశం కలిగింది. మొదట ఒకతని నుంచి వచ్చినది ‘మీ గొంతులో ఏదో బాధ ఉందండీ’ అన్న మెచ్చుకోలు. దాని వెంట ఇన్‌బాక్స్‌లో ఓదార్పు, ఓదార్పు వెంట ప్రశ్నలు. తన మాట వినే మనిషి దొరికాడనుకుని ఆమె ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని సంగతులు చెప్పుకుంది. కొంతకాలానికి ‘నీ మంచికే చెబుతున్నాను’ అంటూ చీర బాగాలేదని, శ్రుతి తప్పుతోందని మొదలై, చివరకు ఇన్‌బాక్స్‌లో చెప్పుకున్న సంగతే అందరూ చూసే కామెంట్లలో ‘అందుకేనేమో పుట్టింటికి పంపించేశారు’ అన్న ఎత్తిపొడుపుగా, పక్కన ఒక నవ్వు ఎమోజీతో తేలింది. ఆమె కోపంగా జవాబిస్తే ‘జోకు కూడా తట్టుకోలేవా?’ అన్నాడు, ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసి తన స్టోరీలో పెట్టుకున్నాడు. అవే అక్షరదోషాలతో రాసే మరికొన్ని ఖాతాలు వచ్చి ‘పాపం, ఆయన మంచికే కదా చెప్పాడు’ అని వంత పాడాయి. ఆ వెంటనే ఇన్‌బాక్స్‌లో క్షమాపణ, మళ్లీ పొగడ్త. తిట్టు వస్తుందో పొగడ్త వస్తుందో తెలియని ఆ స్థితిలో ఆమె రోజంతా ఫోన్ తీసి చూసుకుంటూ, నిజంగా తప్పు తనదేనేమోనని మమ్మల్నే అడగసాగింది.

ఇంటర్నెట్‌లో ట్రోలింగ్‌ను ఇష్టపడేవారిలో, ఎదుటివారి బాధను చూసి ఆనందించే స్వభావం బలంగా కనిపిస్తుందని 2014లో కెనడా మనస్తత్వ పరిశోధకులు ప్రచురించారు. అలాంటివాడికి బాధితురాలి స్పందనే గిట్టుబాటు. ఆమె ఏడ్చినా, వాదించినా, సంజాయిషీ ఇచ్చుకున్నా వాడి శ్రమకు ఫలితం దక్కినట్టే.

ఈ లెక్కన బ్లాక్ చేయడం కూడా ఒక స్పందనే. ‘నిజం చెబితే బ్లాక్ చేసింది’ అని చాటుకోవడానికి వాడికి ఒక ఆధారం దొరుకుతుంది. ఒక మనిషిని బ్లాక్ చేసేటప్పుడు అతడు ఇకపై తెరిచే ఖాతాలకు కూడా ఆ బ్లాక్ వర్తించే వీలును 2021లోను, అప్పటికే ఉన్న ఇతర ఖాతాలకు వర్తించే వీలును 2022లోను కల్పించారు. అది మంచి మార్పే. కాకపోతే ఏ ఖాతా ఎవరిదో సంస్థ తనకు దొరికిన ఆనవాళ్లను బట్టి పోల్చుకోవలసిందే కాబట్టి, ఆనవాళ్లు దాచుకోవడం తెలిసినవాడి విషయంలో దాని మీదే భారం వేయకూడదు.

నా దృష్టిలో నాలుగింటిలోకీ తెలివైనది 2019లో వచ్చిన రిస్ట్రిక్ట్. వేధించేవాళ్లను బ్లాక్ చేస్తే గొడవ ఇంకా పెద్దదవుతుందని యువత వెనకాడుతున్నారని గ్రహించే దీన్ని తెచ్చామని సంస్థే అప్పట్లో చెప్పింది. రిస్ట్రిక్ట్ చేసిన వ్యక్తికి ఆ కబురు చేరదు. అతడి కొత్త కామెంట్ అతడికి కనిపిస్తూనే ఉంటుంది గాని, ఖాతాదారు అనుమతిస్తే తప్ప మరెవరికీ కనిపించదు. అతడి మెసేజ్‌లు మామూలు ఇన్‌బాక్స్‌లోకి కాకుండా విడిగా ఉండే రిక్వెస్టుల్లోకి వెళ్లిపోతాయి, నోటిఫికేషన్ రాదు. ఆమె ఆన్‌లైన్‌లో ఉందో లేదో, చదివిందో లేదో అతడికి తెలియదు. అంటే వాడు ఖాళీ హాల్లో ఉపన్యాసం దంచుతున్న సంగతి వాడికే తెలియదు. ఒక్క లోపం ఉంది: కావాలంటే ఆ కామెంట్‌ను తెరిచి చూసే మీట ఆమె ముందే ఉంటుంది. దెబ్బతిన్న మనసు ఆ మీట నొక్కకుండా ఉండటం కష్టం.

హిడెన్ వర్డ్స్ సంగతి వేరు. దూషణ పదాలున్న కామెంట్లను, మెసేజ్ రిక్వెస్టులను ఇది పక్కకు నెడుతుంది. మనకు నచ్చని మాటలను, పదబంధాలను, ఎమోజీలను మనమే జాబితాగా రాసుకోవచ్చు. 2022లో తెలుగుకు కూడా విస్తరించారు. అయితే మనవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేటప్పుడు ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగ్. ‘ఓవరాక్షన్’ అన్న ఒక్క మాటను తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి, చివరి అక్షరాలు సాగదీసి మరోసారి జాబితాలో చేర్చవలసి వచ్చింది. అంత చేసినా ‘పాపం’ను ఏం చేయాలి? ‘మీ నాన్నగారు ఇవన్నీ చూస్తున్నారా అండీ?’ అన్న వాక్యంలో దాచదగ్గ మాట ఒక్కటీ లేదు. గుచ్చే మాటను గౌరవవాచకంతో అనడం మన భాషలో బాగా కుదురుతుంది, మరి జల్లెడకు దొరికేది పదమే గాని ఉద్దేశం కాదు.

లిమిట్స్ గుంపు దాడికి పుట్టిన మందు. ఫాలో కానివారి నుంచి, కొత్తగా ఫాలో అయినవారి నుంచి వచ్చే కామెంట్లు, రిక్వెస్టులు తాత్కాలికంగా కనిపించకుండా చేస్తుంది. వంత ఖాతాలు ఒక్కసారిగా దిగిన రోజుల్లో ఎంతో అక్కరకొచ్చింది.

మెచ్చుకోలుతో వచ్చే మొదటి అంకాన్ని మాత్రం ఈ నాలుగింటిలో ఏదీ పట్టుకోలేదు. ‘ఇంట్లో ఎవరికీ చెప్పకండి’ అన్న మాట పడినప్పుడు అనుమానించవలసింది మనిషే.

ఫిర్యాదు చేసే ఉద్దేశం ఉంటే మాత్రం రిస్ట్రిక్ట్‌తో ఆగి, ఖాతా పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే బ్లాక్ చేయడం మేలు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 ప్రధానంగా డబ్బు మోసాలకు ఉద్దేశించిన నంబరు. ఇలాంటి వేధింపులకు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గాని, స్థానిక పోలీసులకు గాని ఫిర్యాదు చేయవచ్చు. వద్దన్నా వినకుండా మహిళను ఆన్‌లైన్‌లో వెంటాడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి వస్తుంది. ఆ స్క్రీన్‌షాట్లు తీసే పని బాధితురాలికి అప్పగించకండి. ఖాతాను కొన్నాళ్లు ఇంట్లో మరొకరు చూసుకోవాలి. నిద్ర పట్టక, తప్పంతా తనదేనని కుమిలిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.