దీపావళి రాత్రి కుక్కను నమ్మి వదలగల చోటు: మొయినాబాద్ దగ్గరి ఒక బోర్డింగ్‌పై సమీక్ష

హిమాయత్‌నగర్, నారాయణగూడ చుట్టుపక్కల కుక్కను పెంచుకునేవారికి దీపావళి ఒక్క రాత్రితో ముగిసే పండుగ కాదు. నరక చతుర్దశికి ముందే సందుల్లో పిల్లలు పటాకులు మొదలుపెడతారు, అమావాస్య నాడు లక్ష్మీపూజలు అయ్యాక దుకాణాల ముందు వెయ్యివాలాలు పేలుతాయి, అవి చల్లారాయనుకునేలోపే నారాయణగూడలో దున్నపోతులను ముస్తాబు చేసి డప్పులు, తీన్‌మార్ మోతల మధ్య ఊరేగించే సదర్ వచ్చేస్తుంది. ఈసారి పండుగకు మేము జనగామ వెళ్లవలసి రావడంతో, మా మల్లిని మొయినాబాద్ దాటాక చేవెళ్ల దారిలో ఉన్న ఒక బోర్డింగ్‌లో వదిలివెళ్లాం. దానిని నడిపేది ఒక కుటుంబం. పన్నెండు కుక్కలకు మించి తీసుకోకూడదని వారు నియమం పెట్టుకున్నారు. పండుగ రోజుల్లో ఆ నియమం మీద ఒత్తిడి పెంచడం ఇష్టం లేక ఇక్కడ పేరు రాయడం లేదు. అయినా అక్కడ చూసినవి, అడిగి తెలుసుకున్నవి ఏ బోర్డింగ్‌ను అంచనా వేయడానికైనా పనికివస్తాయి కనుక వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పచ్చికను, ఈత కొలనును, గోడల మీది బొమ్మలను చూసి బోర్డింగ్‌ను ఎంచుకోకూడదు. దీపావళి రాత్రి తొమ్మిది గంటలకు అక్కడ ఎవరు మేలుకొని ఉంటారు, వారికి మన కుక్క గురించి ఏమి తెలుసు అన్నదే చూడాలి. ఆ విషయంలో ఈ చోటు నేను చూసిన మిగతా వాటన్నిటికంటే మేలు.

మల్లి నాటు కుక్క, మా వీధిలో పుట్టినదే. మామూలు రోజుల్లో ఆర్టీసీ బస్సు హారన్‌కు కూడా చెవి కదపదు గాని, మొదటి పటాకు పేలగానే తోక కాళ్ల మధ్యకు పోతుంది, నోరు తెరిచి వగరుస్తుంది, చొంగ కారుస్తుంది, ఎంత ఇష్టమైనది పెట్టినా ముట్టదు. ఇది మొండితనమో, గారాబమో కాదు. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం అందదు, కుక్క చెవి 40 వేలకు పైన కూడా వింటుంది. పైగా ఆ మోత ఎక్కడి నుంచి, ఎప్పుడు వస్తుందో దానికి ముందుగా తెలిసే మార్గం లేదు. పేలిన చోటికి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ మించే బాణసంచాను మన నిబంధనలు నిషేధించాయి, దీపావళి నాడు రాత్రి 8 నుంచి 10 గంటల వరకే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మా సందులో మాత్రం అర్ధరాత్రి దాటినా మోత ఆగదు. అందువల్ల చప్పుడుకు దూరంగా తీసుకుపోవడమే కుక్కకు చేయగల మొదటి మేలు అనిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో పుణ్యమా అని మొయినాబాద్ వైపు పల్లెలు, తోటలు, వాటి మధ్య ఖాళీ జాగాలు ఇంకా మిగిలి ఉన్నాయి. 2022లో ఆ ఆంక్షలను సడలించాక అటువైపు కూడా కట్టడాలు పెరుగుతున్నాయి కాబట్టి ఈ నిశ్శబ్దం ఎన్నేళ్లు ఉంటుందో చెప్పలేం గాని, ఈ దీపావళికి మాత్రం అక్కడ పటాకుల చప్పుడు దూరం నుంచి, విడివిడిగా వినిపించే స్థాయిలోనే ఉంది.

నాకు అన్నిటికంటే నచ్చినది చేర్చుకునే పద్ధతి. చాలా చోట్ల ఫోన్ చేస్తే మొదట చెప్పేది ధర, తరువాత అడిగేది అడ్వాన్స్. ఇక్కడ పండుగకు ముందే ఒకసారి కుక్కను తీసుకొచ్చి సాయంత్రం దాకా ఉంచమన్నారు, అది ఇమడదనిపిస్తే చేర్చుకోబోమని కూడా స్పష్టంగా చెప్పారు. టీకాల పుస్తకం తెరిచి రేబిస్ టీకా, పలు జబ్బులకు కలిపి వేసే సెవెన్ ఇన్ వన్ టీకా తేదీలు చూసుకున్నారు. కెన్నెల్ కాఫ్ టీకా వేయించి కొన్ని రోజులైనా గడిచాకే తీసుకురావాలన్నారు. పది కుక్కలు ఒకచోట ఉన్నప్పుడు ఆ దగ్గు ఒకదాని నుంచి మరొకదానికి ఎంత తేలికగా పాకుతుందో తెలిసినవారు మాత్రమే ఇలా అడుగుతారు. జీహెచ్‌ఎంసీ లైసెన్స్ కాపీ తీసుకున్నారు, మెడపట్టీకి మా ఫోన్ నంబరు ఉన్న బిళ్ల లేదని చూసి, అది చేయించుకొని రమ్మన్నారు. బెదిరి పారిపోయిన కుక్కను ఎవరైనా పట్టుకుంటే, ఇంటికి చేర్చడానికి వెంటనే పనికివచ్చేది ఆ బిళ్లే. మైక్రోచిప్ ఉన్నా, దానిని చదివే పరికరం వైద్యుడి దగ్గర ఉంటుంది తప్ప దారిన పోయేవారి దగ్గర ఉండదు.

యజమానురాలు ఇవన్నీ రాసుకుంటూ ఉండగా, రాత్రి కాపలా చూసే పెద్దాయన మల్లి పక్కన గొంతుకు కూర్చొని, దాని ముఖంలోకి నేరుగా చూడకుండా, అరచేయి కిందికి చాపి వాసన చూడనిచ్చాడు. తరువాత నన్ను అడిగాడు: "మేడమ్, పటాకుల చప్పుడైతే ఇది ఏడికి పోతది? మంచం కిందికా, బాత్రూంలకా?" బాత్రూంలో బకెట్ వెనక్కు పోతుందని చెప్పాను. "అట్లయితే దీనికి గచ్చు చల్లగ ఉండాలె, వెనక గోడ ఉండాలె" అన్నాడు. ఇన్నేళ్లలో ఏ బోర్డింగ్‌లోనూ, నిజానికి కొందరు పశువైద్యుల దగ్గర కూడా, నన్ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. భయపడిన కుక్క తనకు తానుగా ఎంచుకున్న దాగుడు చోటే దానికి మందు. దానిని అక్కడి నుంచి బయటికి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే మనకు తృప్తి కలగవచ్చు గాని, దాని వణుకు తగ్గదు. మల్లికి వారు ఇచ్చినది దాణా బస్తాలు పెట్టుకునే గదిలో ఒక మూల. రెండు వైపులా గోడ, మూడో వైపు బస్తాలు, కింద నాపరాయి, ముందు సగం దాకా వేలాడే పాత దుప్పటి.

దీపావళి రోజు వారు పాటించిన క్రమం కూడా మెచ్చుకోదగినదే. ఎండ తగ్గీ తగ్గకముందే, అంటే నాలుగున్నరకే, అన్ని కుక్కలనూ బయట తిప్పి మలమూత్ర విసర్జన పూర్తి చేయించారు, చీకటి పడకముందే తిండి పెట్టేశారు. ఆ తరువాత తెల్లవారేదాకా ఏ కుక్కనూ పట్టా లేకుండా గది దాటనివ్వలేదు. ఆవరణకు రెండు గేట్లున్నాయి, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది. కిటికీలకు మందపాటి తెరలు దించి, కూలర్లు నడిపి, టీవీలో మాటలు వినిపించే కార్యక్రమం పెట్టారు. కూలర్ హోరు ఆగకుండా ఉండడం వల్ల దూరపు పేలుళ్లు కొంత కలిసిపోతాయి. ఇది ఖర్చు లేని పద్ధతి, ఇళ్లలో ఉండేవారూ పాటించవచ్చు. ఎనిమిది దాటాక పెద్దాయన పంపిన వీడియోలో మల్లి దుప్పటి వెనుక నుంచి మూతి మాత్రమే బయటపెట్టి ఉంది, వగరుస్తోంది గాని చొంగ లేదు. పదిన్నర తరువాత వచ్చిన దానిలో పక్కకు ఒరిగి పడుకొని ఉంది. మా ఇంట్లో ఏ దీపావళికీ అది ఆ వేళకు పడుకున్నది లేదు.

మందుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అంతకుముందు వాకబు చేసిన మరొక చోట, పండుగ రాత్రి అన్నిటికీ "నిద్ర మాత్ర" వేసేస్తామని, దానికి ప్రత్యేక రుసుము లేదని ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ మాట వినగానే అక్కడి నుంచి లేచి వచ్చేశాను. ఎసిప్రోమజైన్ వంటి మందులు ఒక్కటే వాడితే శరీరం మత్తుగా పడి ఉంటుంది తప్ప భయం తగ్గదు. కుక్క కదలలేక, చప్పుడును మాత్రం వింటూనే ఉంటుంది. భయాన్నే తగ్గించే మందులు వేరే ఉన్నాయి. వాటిని బరువు, వయసు, గుండె, కాలేయం చూసి వైద్యుడే రాయాలి, పండుగకు ముందు ఒక మామూలు రోజున ఇంట్లో వేసి ఎలా పనిచేస్తుందో చూడాలి. మొయినాబాద్‌లో వైద్యుడి చీటీ లేనిదే ఏ మాత్రా తీసుకోలేదు. మా చీటీని ఫొటో తీసుకొని, వేసిన సమయం, తరువాత మల్లి నడక ఎలా ఉందో ఒక నోటుపుస్తకంలో రాసి, తిరిగి వచ్చేటప్పుడు ఆ పేజీని చూపించారు.

ఇక లోపాలు. తిండి విషయంలో నియమాలు గట్టివే, పాటింపు మాత్రం అంత గట్టిగా లేదు. బయటి మిఠాయిలు పెట్టకూడదని గోడ మీద రాసి ఉంది. ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, చాక్లెట్ గుండెను, నరాలను పరుగెత్తిస్తుంది, షుగర్‌లెస్ అని అమ్మే కొన్ని తినుబండారాల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. ఇవన్నీ వారికి తెలుసు. అయినా మేము మల్లిని తీసుకోవడానికి వెళ్లిన రోజు, ఎవరో కానుకగా ఇచ్చిన డ్రైఫ్రూట్ డబ్బా మూత తెరిచే, ముందుగదిలో మోకాలి ఎత్తున్న బల్ల మీద ఉంది, పక్కనే ఒక బీగిల్ పట్టా లేకుండా తిరుగుతోంది. నేను డబ్బా మూసి అల్మారా పైన పెట్టి, యజమానురాలికి చెప్పాను. ఆమె వెంటనే ఒప్పుకొని పనివారిని పిలిచి మాట్లాడారు గాని, అంత శ్రద్ధగా నడిపే చోట ఇది జరగకూడనిది.

మల్లి ఎడమ చెవి మడతలో ఒక పిడుదు కూడా దొరికింది. తోటల మధ్య ఉండే చోట పిడుదులు బొత్తిగా లేకుండా చేయడం కష్టమే. కాని హైదరాబాద్‌లో పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఎంత మామూలో కుక్కలను పెంచేవారందరికీ తెలుసు కనుక, అప్పగించే ముందు చెవులు, వేళ్ల సందులు, మెడపట్టీ కింద చూసి ఇవ్వడం వారి పని. పండుగ రోజులకు రేటు వేరని బిల్లు చేతికొచ్చినప్పుడే తెలిసింది: మామూలుగా రోజుకు 800 రూపాయలు, పండుగకు 1,100. ఆ రాత్రి మేలుకున్న మనుషులకు ఆ మొత్తం న్యాయమైనదే, ముందే చెప్పి ఉండవలసింది.

అసలైన లోటు వైద్య సదుపాయం. వారికి సొంత వాహనం ఉంది, స్థానిక పశువైద్యుడు పగలు పిలిస్తే వస్తాడు. కాని అర్ధరాత్రి కడుపు ఉబ్బరమో, మూర్ఛో వస్తే ఎక్కడికి తీసుకుపోతారన్న ప్రశ్నకు "చూసుకుంటాం" అన్నదే జవాబు. రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం అటువైపు నుంచి అందుబాటులోనే ఉంది, నగరంలో నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, ప్రైవేటు క్లినిక్‌లు ఎన్నో ఉన్నాయి. వీటిలో ఏది పండుగ రాత్రి తెరిచి ఉంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కొని, ఆ నంబరు గోడకు అంటించి ఉంచడం పన్నెండు ప్రాణాల బాధ్యత తీసుకున్నవారు చేయవలసిన కనీస పని. ఈ ఒక్క కారణంగానే, గుండె జబ్బు ఉన్నవాటికి, మూర్ఛ వచ్చేవాటికి, బాగా ముసలివాటికి ఈ చోటును నేను సిఫారసు చేయను. టీకాలు పూర్తికాని కుక్కపిల్లలను వారే తీసుకోరు, అది మంచిదే. అలాంటి కుక్కలు ఉన్న ఇళ్లలో ఎవరో ఒకరు పండుగకు ఆగిపోవడమే మేలు. లోపలి గదిలో కూలర్ వేసి, తలుపు తీసి ఉంచి, కుక్క తనంత తాను దగ్గరికి వస్తే నిమురుతూ కూర్చోవచ్చు. అలా ఓదారిస్తే భయం అలవాటవుతుందన్న పాత మాటను ఇప్పటి పశుప్రవర్తన నిపుణులు ఒప్పుకోవడం లేదు.

ఆరోగ్యంగా ఉండి, చప్పుడుకు మాత్రమే బెదిరే కుక్కలకు ఈ బోర్డింగ్ నిశ్చింతగా తగినది. పన్నెండు చోట్లూ దసరా నాటికే నిండిపోతాయి కనుక వినాయక నిమజ్జనం అయిన వెంటనే అడగడం మంచిది. మేము సంక్రాంతికి కూడా అక్కడే అడిగాం. అప్పటి ప్రమాదం వేరు: జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో గాలిపటాల నైలాన్ మాంజాను నిషేధించినా అది చెట్లకు, తీగలకు, నేల మీద చిక్కుబడి కనిపిస్తూనే ఉంది, పరుగెత్తే కుక్క కాలికో, మెడకో చుట్టుకుంటే చర్మాన్ని కోసేస్తుంది. భోగి నుంచి కనుమ దాకా రోజూ పొద్దున కుక్కలను వదిలే ముందు ఆవరణ అంతా తిరిగి మాంజా ముక్కలు ఏరాలని, రాత్రి అత్యవసర వైద్యశాల పేరు, నంబరు మాకు రాతపూర్వకంగా పంపాలని యజమానురాలిని కోరాను. మొదటి దానికి ఆమె సరేనన్నారు. రెండోది వాట్సాప్‌లో వచ్చాక అడ్వాన్స్ కడతానని చెప్పాను.