టీఎంఎస్, టీడీసీఎస్: కోత లేని మెదడు ఉద్దీపనలో రెండు దారులు

పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీ ఓపీకి వచ్చి, ఆపరేషన్ లేకుండా మెదడును ఉద్దీపింపజేసే చికిత్స గురించి అడిగే కుటుంబాలు ముందుగా గమనించవలసింది, ఆ మాట కింద రెండు వేర్వేరు పద్ధతులు ఉన్నాయన్నది.

1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చూపిన టీఎంఎస్‌లో (ట్రాన్స్‌క్రేనియల్ మ్యాగ్నెటిక్ స్టిమ్యులేషన్, అంటే పుర్రె మీదుగా అయస్కాంత ఉద్దీపన), తలకు ఆనించిన తీగచుట్టలో క్షణకాలం ప్రవహించే విద్యుత్తు సుమారు 1.5 నుంచి 2 టెస్లాల అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించి, పుర్రె కింది నాడీకణాలను నేరుగా స్పందింపజేస్తుంది. చేతిని నడిపే భాగం మీద చుట్టను సరిగ్గా నిలిపితే, రోగి ప్రమేయం లేకుండానే బొటనవేలు చటుక్కున కదులుతుంది; ఆ కదలికను బట్టే వైద్యులు మోతాదు నిర్ణయిస్తారు. మందులకు లొంగని డిప్రెషన్‌కు అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో దీనిని అనుమతించింది.

టీడీసీఎస్‌లో (ట్రాన్స్‌క్రేనియల్ డైరెక్ట్ కరెంట్ స్టిమ్యులేషన్, అంటే పుర్రె మీదుగా స్వల్ప ఏకముఖ విద్యుత్తుతో ఉద్దీపన) తలపై ఉంచే, ఉప్పునీటితో తడిపిన స్పాంజి ఎలక్ట్రోడ్ల గుండా 1 నుంచి 2 మిల్లీఆంపియర్ల విద్యుత్తును సాధారణంగా 20 నిమిషాలు పంపుతారు. అది నాడీకణాలను స్పందింపజేయదు, స్పందించే స్వభావాన్ని కొద్దిగా మారుస్తుంది. పరికరం చిన్నది, చవక. కానీ స్పాంజి ఆరిపోతే చర్మం కాలే ప్రమాదముంది, కనుక మన ఎండాకాలంలో దీనిపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

నిరూపణ బలం చూస్తే నా మొగ్గు నిస్సందేహంగా టీఎంఎస్ వైపే. పక్షవాతం తర్వాత చేతి పునరావాసంలో మాత్రం రెండూ ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి, ఏదీ ఫిజియోథెరపీకి ప్రత్యామ్నాయం కాదు. తల లోపల ఆపరేషన్‌లో అమర్చిన లోహపు క్లిప్పు ఉన్నా, కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఉన్నా, మూర్ఛ చరిత్ర ఉన్నా టీఎంఎస్‌కు ముందే వైద్యునికి తప్పక చెప్పాలి.