వాజూ నాలుగేళ్లు వాడాక: ఊరికే వచ్చింది గానీ ఊరికే పని చెయ్యలేదు

మాది హైదరాబాద్‌లో ఓ మధ్యరకం కంపెనీ. దాదాపు 240 మెషిన్లు, రెండు ఫైర్‌వాల్స్, ఇవన్నీ చూసుకోవడానికి నేనూ ఇంకో కుర్రాడూ. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు వచ్చాయి కదా, లాగ్స్ (మెషిన్లలో జరిగేవి నమోదయ్యే రికార్డులు) 180 రోజులు దాచాలి, సైబర్ దాడి లాంటిది ఏదైనా జరిగితే తెలిసిన 6 గంటల్లో చెప్పాలి అని, అప్పుడు మావాళ్లకి లాగ్స్ మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. డబ్బులు అడిగేసరికి ఆ ప్రేమ కాస్త తగ్గింది. రోజుకి ఎన్ని జీబీలు పంపితే అంత లైసెన్స్ కట్టే సాఫ్ట్‌వేర్లు మా బడ్జెట్‌కి అందవు. అందుకని ఓసెక్ అనే పాత టూల్ నుంచి పుట్టిన, అన్ని మెషిన్ల లాగ్స్ ఒకచోటికి తెచ్చి తేడాగా కనిపిస్తే అలర్ట్ ఇచ్చే ఓపెన్ సోర్స్ వాజూ పెట్టాం, గోడకి ఓ పెద్ద టీవీ తగిలించి అందులో డ్యాష్‌బోర్డ్ కూడా.

నిజం చెప్పాలంటే మొదటి ఏడాది అది లాగ్స్ గోడౌనే. సరుకు వచ్చి పడుతోంది, విప్పి చూసే నాథుడు లేడు.

ఒక రోజు పొద్దున చూస్తే ఒక్క అలర్ట్ కూడా లేదు. మావాడు "అన్నా, ఇవాళ ప్రశాంతంగా ఉంది" అన్నాడు, సరే కదా అని నేనూ టీకి వెళ్లిపోయాను. మధ్యాహ్నానికి గానీ బుర్ర వెలగలేదు, ఇన్ని మెషిన్లలో ఒక్కరు కూడా పాస్‌వర్డ్ తప్పు కొట్టలేదంటే నమ్మేదేనా? సంగతేంటంటే వాజూ అలర్ట్స్ దాచడానికి రోజుకో కొత్త ఇండెక్స్ (ఆ రోజు పద్దు పుస్తకం లాంటిది) తెరుస్తుంది, అదీ ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీ లెక్కన, అంటే మనకి తెల్లవారుజామున 5:30కి. ఒక్కోదానికి డీఫాల్ట్‌గా 3 షార్డ్‌లు, అంటే ముక్కలు; కింద డేటా దాచే ఓపెన్‌సెర్చ్‌లో నోడ్‌కి, అంటే ఒక్కో సర్వర్‌కి, డీఫాల్ట్ పరిమితి 1000 షార్డ్‌లు. మాది ఒకటే నోడ్, పాతవి తీసే పాలసీ పెట్టనే లేదు, పది నెలలు చిల్లర అయ్యేసరికి లెక్క నిండి కొత్త ఇండెక్స్ తెరుచుకోలేదు. అదృష్టం ఏంటంటే సర్వర్‌లో అలర్ట్స్ ఫైల్ మాత్రం మామూలుగానే రాస్తూ ఉంది, అందులోంచి మళ్లీ ఎక్కించడానికి ఓ సాయంత్రం పట్టింది. ఇప్పుడు రోజుకి ఒకటే షార్డ్, గడువు దాటినవి వాటంతట అవే పోతాయి. మాలాగా ఒకే నోడ్ మీద నడిపేవాళ్లు ఈ పని మొదటి రోజే చేసెయ్యండి.

ఇంకో పొరపాటు ఇంతకన్నా సిగ్గుచేటు. 180 రోజుల లాగ్స్ ఉన్నాయని ధీమాగా తిరిగాం కదా, డీఫాల్ట్‌గా అది దాచేది ఏదో ఒక రూల్‌కి (ఫలానాది కనిపిస్తే అలర్ట్ ఇవ్వు అనే నియమం) తగిలి అలర్ట్ అయినవాటినే. వచ్చిన ప్రతి లైనూ కావాలంటే లాగ్‌ఆల్ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యాలి. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది, చదవనిది మేమే. అది ఆన్ చేస్తే డిస్క్ గబగబా నిండుతుంది, పాత ఫైళ్లని కంప్రెస్ చేస్తుంది గానీ తనంతట తాను తీసెయ్యదు, దానికి క్రాన్ జాబ్ (టైమ్‌కి తనే నడిచే చిన్న పని) మనమే రాసుకోవాలి.

అసలు దీని విలువ మాకు తెలిసింది ఒక చిరాకు వల్ల. ఒక ఫైల్ సర్వర్ నుంచి అరగంటకోసారి విండోస్ ఈవెంట్ 4625, అంటే ఫెయిలైన లాగిన్. రోజుకి 48 సార్లు. విసుగొచ్చి దాన్ని పట్టే 60122 రూల్ తీవ్రతనే లెవెల్ 0 చేసి, అంటే అలర్టే రాకుండా చేసి పారేశాం, దాంతో మిగతా మెషిన్ల తప్పుడు లాగిన్లు కూడా మూగబోయాయి. మూడు వారాల తర్వాత ఇది తప్పురా బాబూ అనిపించి వెనక్కి మార్చి, ఈసారి ఆ ఈవెంట్‌ని లోపలిదాకా చదివాను. సబ్ స్టేటస్ అని ఒక ఫీల్డ్ ఉంటుంది. చివర 6ఏ ఉంటే పాస్‌వర్డ్ తప్పు, 64 ఉంటే అసలు లేని యూజర్, 72 ఉంటే డిసేబుల్ చేసిన అకౌంట్. మాకు వస్తున్నది 72, లాగాన్ టైప్ 4, అంటే ఏదో షెడ్యూల్డ్ టాస్క్. తవ్వితే తేలింది, మానేసి వెళ్లిన ఒకాయన తన సొంత అకౌంట్ మీద పెట్టుకున్న బ్యాకప్ టాస్క్ అది. అంటే ఆయన వెళ్లిన నాటి నుంచి ఆ సర్వర్‌కి బ్యాకప్పే లేదు! ఏ హ్యాకరో వస్తాడని కాపలా పెడితే అది మా ఇంటి కన్నమే చూపించింది.

అప్పటినుంచి శుక్రవారం సాయంత్రం అరగంట కూర్చుంటాం. ఆ వారం ఎక్కువ గోల చేసిన ఐదు రూల్స్ తీసి, ఇది రాత్రి రెండింటికి వస్తే లేచి ఏం చేస్తాం అని అడుగుతాం. ఏమీ చెయ్యం అంటే లోకల్ రూల్స్ ఫైల్‌లో తగ్గిస్తాం, కానీ ఆ మెషిన్, ఆ యూజర్ రెండూ కలిస్తేనే తగ్గేలా రాస్తాం, రూల్ మొత్తాన్ని మళ్లీ ముట్టుకోలేదు. వేలల్లో ఉన్న రోజువారీ అలర్ట్స్‌లో ఇప్పుడు మనిషి చూడాల్సినవి పదీ పదిహేను. విండోస్ ఈవెంట్ 1102, అంటే ఎవరో సెక్యూరిటీ లాగ్ చెరిపేశారని, అది వస్తే మాత్రం ఎక్కడున్నా ఫోన్ మోగుతుంది.

మౌనం సంగతి కూడా చూసుకోవాలి. ఏజెంట్ (లాగ్స్ పంపడానికి మెషిన్‌లో పెట్టే చిన్న ప్రోగ్రామ్) డిస్‌కనెక్ట్ అయితే వచ్చే 504 రూల్ లెవెల్ 3, మెయిల్ డీఫాల్ట్‌గా వెళ్లేది లెవెల్ 12 నుంచి, కాబట్టి ముఖ్యమైన సర్వర్లకి దాన్ని పెంచుకున్నాం. ఫైర్‌వాల్‌కి ఏజెంట్ ఉండదు, అది నెట్‌వర్క్ మీదుగా పంపే లాగ్స్ (సిస్‌లాగ్) ఆగిపోతే చెప్పేవాళ్లే లేరు. ఒకసారి ఫర్మ్‌వేర్ మార్చాక 19 రోజులు ఒక్క లైన్ రాలేదు, మాకు తెలియనే లేదు. ఇప్పుడు గంటసేపు నోరు మెదపకపోతే మెయిల్ కొట్టే చిన్న స్క్రిప్ట్ ఒకటి పెట్టాను.

తీసుకోవచ్చా అంటే, రోజుకి గంటన్నర దీని మీద కూర్చునే మనిషి ఉంటే తప్పకుండా. లేకపోతే బయటివాళ్లకి అప్పజెప్పడమే చవక, మా ఇద్దరి టైమ్‌ని జీతంలో లెక్కేస్తే ఇది ఫ్రీ అని నేనైతే అనను.

గోడ మీద టీవీ తీసేశాం. ఇప్పుడది రిసెప్షన్‌లో ఉంది, అక్కడ క్రికెట్ వస్తుంది.