పక్కకి తిరిగే సైకిల్ ర్యాక్: వ్యాన్ వెనక తలుపుల కోసం

క్యాంపర్ వ్యాన్‌లో వంటగట్టు వెనకవైపు ఉన్నవాళ్లు సైకిల్ ర్యాక్ కొనేముందు చూసుకోవాల్సింది ఒక్కటే: సైకిళ్లు దించకుండా వెనక తలుపులు తెరుచుకుంటాయా, లేదా? హిచ్‌కి (బండి వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కేనికి) తగిలించి వెనక్కి వంచే మామూలు ర్యాకులు కార్లకి చాలు, డిక్కీ తలుపు పైకి లేస్తుంది కాబట్టి. వ్యాన్ తలుపులు పక్కలకి తెరుచుకుంటాయి. ర్యాక్‌ని ఎంత వంచినా హ్యాండిల్‌బారో పెడలో వాటికి తగులుతూనే ఉంటుంది. మేమిద్దరం వాడుతున్నది సైకిళ్లతో సహా కీలు మీద 90 డిగ్రీలు పక్కకి తిరిగే రకం. వేసవి ప్రయాణాలకి వ్యాన్‌లో ఇంతకంటే అక్కరకొచ్చిన వస్తువు మరొకటి లేదు.

దీని అసలు విలువ ట్రెక్కింగ్ రోజుల్లోనే తెలుస్తుంది. ఒకచోట మొదలై మరోచోట ముగిసే దారి అయితే, ముందు వ్యాన్‌ని ముగిసే చోటికి తీసుకెళ్లి సైకిళ్లు దించి తాళం వెయ్యాలి. తర్వాత మొదలయ్యే చోట వ్యాన్ ఆపి నడవాలి. నడక అయ్యాక సైకిళ్లెక్కి వ్యాన్ దగ్గరికి. ముగిసే చోటు ఎత్తులో ఉండేలా దారి ఎంచుకుంటే తిరుగు ప్రయాణం ఎక్కువగా దిగుడే. ఇలాంటి రోజున ర్యాక్‌తో, వెనక తలుపులతో ఎన్నిసార్లు పని పడుతుందో లెక్కుండదు. బూట్లు, నీళ్లు, స్టవ్ అన్నీ ఆ తలుపుల వెనకే. పిన్ లాగి, చేత్తో తోసి, తలుపు తీస్తే పని అయిపోతుంది.

ఎక్కువ తిప్పితే చెడేది కూడా ఆ కీలు దగ్గరే, అయితే చెడింది ఇనుము కాదు, వైరు. బ్రేక్ తొక్కితే ర్యాక్ మీది పార్కింగ్ లైట్లు మసగ్గా వెలగడం, ఇండికేటర్ వేస్తే మిగతా బల్బులు కూడా దాంతోపాటు మిణుకుమనడం మొదలైంది. ఫిలమెంట్ బల్బులున్న లైటు బోర్డు ఇలా చేస్తుంటే ముందు ఎర్త్ వైరునే అనుమానించాలి. కరెంటుకి తిరిగెళ్లే దారి తెగిపోయి, పక్క బల్బుల గుండా దారి వెతుక్కుంటుంది. అలా వెలిగే లైట్లని వెనక వచ్చే డ్రైవరు బ్రేక్ లైట్లుగా పోల్చుకోలేడు. ఈ సంగతి స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాళ్లకి కనపడదు కూడా.

ర్యాక్ లైట్లకి వ్యాన్ నుంచి కరెంటు ఇచ్చే సాకెట్ పిన్నులు శుభ్రం చేసినా మార్పు రాలేదు. 13 పిన్నుల ప్లగ్‌లో ఈ లైట్ల ఎర్త్ 3వ పిన్, తెల్ల వైరు. మల్టీమీటర్ (వైరు తెగిందో లేదో చూపే మీటరు) మొన ఒకటి దానికి, రెండోది లైటు బోర్డు ఎర్త్‌కి పెట్టి, కీలు మీద తిరిగే ర్యాక్ చేతిని నెమ్మదిగా తిప్పితే, సగం దారిలో రీడింగ్ మాయమైంది. పై రబ్బరు చెక్కుచెదరలేదు, లోపల రాగి తీగలు మాత్రం విరిగిపోయాయి. కీలుకి రెండు పక్కలా ప్లాస్టిక్ టైలతో కేబుల్‌ని బిగించేశారు. దాంతో తెరిచిన ప్రతిసారీ వంపంతా అదే రెండు మూడు సెంటీమీటర్ల ముక్క మీద పడుతోంది. ఇది డిజైన్ లోపమే. ఇంత మంచి కీలు చేసినవాళ్లు కేబుల్ గురించి ఒక్క నిమిషం ఆలోచించి ఉండాల్సింది.

బాగుచేసే పద్ధతి ఇది. పాడైన ముక్క కోసేసి, సన్నని పోగులున్న మెత్తని కేబుల్ వెయ్యాలి. కీలు దగ్గర 15 సెంటీమీటర్లు వదులుగా ఉంచితే వంపు పొడవునా పంచుకుంటుంది. అతుకులు కీలుకి దూరంగా, ర్యాక్ చేయి తిన్నగా ఉన్నచోట, ఒకదాని పక్కన ఒకటి పడకుండా ఎడంగా ఉండాలి. క్రింప్ చేసి (చిన్న లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకుని బిగుసుకునేది) తొడగాలి. ఇక్కడ సోల్డరింగ్ (కరిగించిన లోహంతో అతకడం) వద్దు: ఆ లోహం పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది, ఆ గట్టి భాగం అంచున తీగ మళ్లీ విరుగుతుంది. టైల బదులు రబ్బరు పట్టీ ఉన్న క్లిప్పులు వాడితే మేలు. ఆ మరమ్మతు తర్వాత లైట్లు ఇబ్బంది పెట్టలేదు.

తలుపులు తెరుచుకుంటాయి అన్నాను. కీలు ఉన్న పక్క తలుపు మాత్రం 90 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నేల ఆ పక్కకి వాలుగా ఉంటే, పిన్ తీయగానే సైకిళ్ల బరువుతో ర్యాక్ చేయి తనంతట తానే తిరిగిపోతుంది. ఒకరు పట్టుకుంటేనే రెండోవాళ్లు పిన్ లాగాలి. తెరిచాక ఆపుడు పిన్ పడిందో లేదో చూడకుండా వదలొద్దు. పార్క్ చేసేటప్పుడే ఆ పక్కన చోటు ఉంచుకోవాలి.

ఇక బరువు. బ్యాటరీలు తీసేసిన రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు 42 కిలోలు, ర్యాక్ 32, మొత్తం 74. ఇది వెనక ఇరుసుకి 1.5 మీటర్లు వెనక వేలాడుతుంది. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 4 మీటర్లయితే వెనక ఇరుసు మీద పడేది 74 కాదు, దాదాపు 102 కిలోలు; ముందు చక్రాల మీద 28 తగ్గుతుంది. ముందు చక్రాలతో నడిచే వ్యాన్‌కి తడి గడ్డి మీదా గులకరాళ్ల ఎత్తుల మీదా ఆ తేడా తెలిసిపోతుంది. బరువైన సైకిల్‌ని తలుపు వైపు పెట్టడం, నీళ్ల ట్యాంకు ముందున్నదైతే నింపుకోవడం కొంత సాయపడతాయి. హిచ్ పరిమితి 75 కిలోలే అయితే పై లెక్కలో మిగిలేది ఒక్క కిలో.

వంటగట్టు పక్క తలుపు దగ్గరే ఉన్న వ్యాన్‌కి ఈ బరువు దండగ, మామూలు ర్యాక్ చాలు. వెనక వంటగట్టు, ఇద్దరు మనుషులు, రోజూ సైకిలో నడకో అయితే మళ్లీ ఇదే కొంటాం, అదీ కీలు దగ్గర కేబుల్ ఎలా కట్టారో వంగి చూశాకే.